మెడికేర్‌కి ఆ గడువు ఎందుకు పెట్టారు?

అమెరికాలో పిల్లల దగ్గరుంటున్న అమ్మానాన్నల ఇన్సూరెన్స్ మాటొస్తే మనవాళ్ళు ఒకటే అడుగుతారు. "డబ్బు కడతామంటున్నాం కదా, ఎప్పుడు పడితే అప్పుడు ఎందుకివ్వరు?" దీనికి జవాబు 1929లో ఉంది.

ఆ ఏడాది డాలస్‌లో జస్టిన్ ఫోర్డ్ కింబాల్ అనే ఆయన స్కూలు టీచర్ల కోసం ఒక పథకం పెట్టారు. నెలకి యాభై సెంట్లు కడితే బేలర్ ఆసుపత్రిలో ఏడాదికి 21 రోజుల వరకు వైద్యం. అందరూ కట్టి, కొద్దిమందే మంచం ఎక్కితేనే ఆ యాభై సెంట్లు సరిపోతాయి. జబ్బు చేశాక కూడా చేరొచ్చంటే ముందుగా ఎవరు కడతారు? ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్టు, ఆసుపత్రిలో పడ్డాక పాలసీ కొంటారు. ఈ భయంలోంచే గడువులన్నీ పుట్టాయి.

ఇక 1965. జూలై 30న ప్రెసిడెంట్ జాన్సన్ మెడికేర్ చట్టం మీద సంతకం పెట్టారు. 65 దాటినవాళ్ళకి ఆసుపత్రి ఖర్చులు చూసేది పార్ట్ ఎ. డాక్టరు ఫీజులు చూసే పార్ట్ బి మాత్రం ఇష్టమైతేనే, నెలకి మూడు డాలర్లు. 'ఇష్టమైతేనే' అన్నారు కాబట్టి అదే భయం మళ్ళీ వచ్చింది. అందుకే చట్టంలో గట్టి షరతులు రాశారు: ఆలస్యమైన ప్రతి 12 నెలలకీ ప్రీమియం పది శాతం ఎక్కువ, మూడేళ్ళు దాటితే అసలు చేర్చుకోరు. ఈ మూడేళ్ళ నిబంధన 1972లో పోయింది. పది శాతం ఇప్పటికీ ఉంది.

మొదటి గడువు 1966 మార్చి 31. ఎవరూ మిగిలిపోకూడదని అధికారులు ఊరూరా తిరిగారు. అడవుల్లో ఒంటరిగా బతికే ముసలివాళ్ళని వెతకమని ఫారెస్ట్ రేంజర్లని కూడా పంపారట! అయినా కొందరు మిగిలారు. గడువు దాటిన వారానికే, ఏప్రిల్ 8న, మే 31 దాకా పొడిగిస్తూ ఇంకో చట్టం తెచ్చారు. జూలై 1న పథకం మొదలయ్యేసరికి అర్హుల్లో పదిమందికి తొమ్మిదిమంది పైనే పార్ట్ బిలో ఉన్నారు. నా మటుకు నాకు, మెడికేర్ కథలో చట్టం కంటే ఈ తిరుగుడే గొప్పగా అనిపిస్తుంది.

మన పెద్దవాళ్ళని వెతుక్కుంటూ ఇవాళ ఏ రేంజరూ రాడు. గ్రీన్ కార్డు మీద వచ్చి, పని చేసిన రికార్డు లేనివాళ్ళకి 65 నిండాలి, వరసగా ఐదేళ్ళు అమెరికాలో ఉండాలి. ఈ రెండూ కుదిరిన నెల, దానికి ముందు మూడు, తర్వాత మూడు, మొత్తం ఏడు నెలలు. అది దాటితే మామూలుగా జనవరి నుంచి మార్చి దాకా ఆగాలి. రెండేళ్ళు ఆలస్యమైతే ఇరవై శాతం, అదీ పార్ట్ బి ఉన్నన్నాళ్ళూ. ఒకప్పుడు మార్చిలో చేరినా కవరేజీ జూలైలో గానీ వచ్చేది కాదు. 2023 నుంచి, చేరిన తర్వాతి నెల మొదటి తారీఖుకే వస్తోంది.