ప్రాసెసరు వేగము – పని తూకము

ట్రాన్సిస్టరు రేడియోలు కొత్తగా వచ్చిన రోజులలో కొనుగోలుదారు అంగడిలో వేసే మొదటి ప్రశ్న "ఇది ఎన్ని ట్రాన్సిస్టర్ల సెట్టు?" అన్నది. 1954లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన రీజెన్సీ టి.ఆర్.-1 అనే తొలి ట్రాన్సిస్టరు రేడియోలో ఉన్నవి నాలుగే. తరువాత ఆరు, ఎనిమిది, పది అని ఆ అంకె పెట్టె మీద పెద్ద అక్షరాలలోకి ఎక్కినది. అంకెకు గిరాకీ ఉన్నదని తెలియగానే కొందరు తయారీదారులు ఏ పనీ చేయని ట్రాన్సిస్టర్లను సైతం లోపల అతికించి లెక్క పెంచినారు. పాట మాత్రము మునుపటివలెనే వినిపించినది. కంప్యూటరులో లెక్కచేసే భాగమైన ప్రాసెసరు చరిత్రలోనూ ఇటువంటి కథే ఇంకా పెద్దయెత్తున నడిచినది.

మన హైదరాబాదుకు ఈ చరిత్రలో పాత సంబంధమే ఉన్నది. 1967లో ఎ.ఎస్. రావుగారి సారథ్యాన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఇక్కడ ఏర్పడినది. ట్రాంబేలోని అణుశాస్త్రజ్ఞులు రూపొందించిన టి.డి.సి.-12 అనే కంప్యూటరు 1969లో వెలువడినది; ఆ వరుస యంత్రాలను తయారుచేసినది ఈ సంస్థయే. ఆనాడు పెద్ద ప్రశ్న యంత్రము ఎంత వేగముగా నడుస్తుందన్నది కాదు, మనవారు దానిని స్వయముగా చేయగలరా అన్నది. కంప్యూటరు అంగడి సరుకైన తరువాతనే వేగానికి కొలబద్ద కావలసివచ్చినది.

1971లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 4004 అనే చిప్పులో సుమారు 2300 ట్రాన్సిస్టర్లు ఉండినవి. ఒక ప్రాసెసరు మొత్తము గోరంత సిలికాను మీద ఇమిడినది. అక్కడినుండి ముప్పది ఏండ్ల పాటు జనము చూచినది క్లాకును. క్లాకనగా ప్రాసెసరు అడుగు వేసే తాళము. సెకనుకు ఎన్ని తాళాలన్నదే వేగమని అందరూ భావించినారు. ఒక్కొక్క తాళానికి ఎంత పని జరుగుతున్నదని అడిగినవారు తక్కువ. 2000 సంవత్సరము నవంబరులో 1.5 గిగాహెర్ట్జ్ తాళముతో పెంటియం-4 వచ్చినది. అంతకంటె తక్కువ తాళముగల పెంటియం-3, ఎ.ఎం.డి. వారి అథ్లాన్ అనేక కార్యక్రమాలలో దానికి సాటి వచ్చినవి, కొన్నింట మించినవి కూడ. మరుసటి ఏడు ఎ.ఎం.డి. వారు 1.53 గిగాహెర్ట్జ్ చిప్పుకు 1800 అని పేరు పెట్టి అమ్మినారు. జనము అంకెనే చూస్తున్నప్పుడు అంకెనే పేరుగా పెట్టుట వ్యాపారధర్మమేమో! తాళము పెంచినకొద్దీ వేడి పెరిగినది. 2004 మే నెలలో ఇంటెల్ వారు తేజస్ అనే తమ తదుపరి చిప్పును విడిచిపెట్టినారు. అప్పటినుండి ఒకే చిప్పులో అనేక కోర్లు, అనగా అనేక పనివాండ్రు, చేరినారు.

అంకెను నమ్మరాదన్న ఎరుక శాస్త్రజ్ఞులకు ముందే ఉన్నది. 1970 దశకములో ఇంగ్లండులో వెట్‌స్టోన్ అనే పరీక్ష పుట్టినది; ఆ పేరు ఒక ఊరిది. 1984లో రైన్‌హోల్డ్ వైకర్ ఇంకొక పరీక్ష కూర్చి, మొదటి పేరులోని తడిని తీసివేసి దానికి డ్రైస్టోన్ అని చమత్కారముగా నామకరణము చేసినాడు. అయితే ఆ పరీక్షలోని కొన్ని లెక్కల ఫలితము ఎవరికీ అక్కరలేనిది. కార్యక్రమాలను యంత్రభాషలోకి మార్చే కంపైలర్లు తెలివిమీరి అటువంటి లెక్కలను చేయకుండనే దాటవేసినవి; మార్కులు మాత్రము పెరిగినవి. పరీక్ష కొరకే చదివే విద్యార్థులను చూచిన ఉపాధ్యాయులకు ఇది వింత కాదు. అందుచేతనే 1988లో స్పెక్ అనే సంఘము ఏర్పడి, జనము నిజముగా వాడే కార్యక్రమాలనే పరీక్షగా పెట్టే పద్ధతి తెచ్చినది.

ఇక అనేక కోర్ల సంగతి. పదిమంది చేరితే పని పదిరెట్లు వేగమవుతుందా? 1967లోనే జీన్ ఆమ్డాల్ దీనికి సమాధానము చెప్పినాడు. పనిలో పదవ వంతు ఒక్కరే చేయవలసినదైతే, ఎందరు చేరినా మొత్తము పని పదిరెట్లకు మించి వేగము కాదు. 64 కోర్లున్నను తొమ్మిది రెట్లకు లోపే. ఆమ్డాల్ పేరు వినకపోయినా పూర్వపు పాలమూరు జిల్లా నేతగాండ్రకు ఇది తెలియని సంగతి కాదు. గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. ఆ రెంటినీ కలిపే కుప్పడపు నేతలో ఇద్దరు ఒకే మగ్గము మీద కూర్చుంటారు. ఒకరి నాడె చేరవలసిన చోటికి చేరనిదే రెండవవారి చేయి సాగదు. ఇద్దరున్నారు కదా అని చీర సగము దినాలకు దిగదు.

పూర్వపు నల్లగొండ జిల్లా ఉదాహరణ ఇంకొంత లోతైనది. పోచంపల్లి తరహా చీరకు నేతకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా నిలిపిన చీలల చుట్టూ దారమును చేతితో చుట్టే ఈ పనిలో ఒక చీరకు సుమారు 9000 సార్లు చేయి ఆడవలెను. రోజుకు రెండు చీరలైతే 18000 సార్లు. ఇది ఆడవారి పని. ఆలేరు సమీపములోని శారాజీపేటలో తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రము చేయబూనినాడు. 1999లో అది పూర్తియైనది. యంత్రానికి తల్లి పేరే పెట్టినాడు. తరువాతి యంత్రాలలో ఎలక్ట్రానిక్ అదుపు, దానితో ఒక చిన్న చిప్పు చేరినవి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. నాలుగైదు గంటల ఆసు గంటన్నరకు దిగినది. చిటికి కట్టుట, రంగులద్దుట, నేత మాత్రము రోజుల పనిగానే మిగిలినవి కనుక, ఆమ్డాల్ లెక్క ప్రకారము చీరకు పట్టే మొత్తము కాలములో తగ్గినది కొంచెమే. ఆ లెక్క ఒక్కటే చూచినవాడు ఈ యంత్రము కొనదగినది కాదని తేల్చును. ఆ తల్లి భుజాలను అడిగినవాడు అట్లా అనజాలడు. గడియారము కొలిచినది ఒకటి, యంత్రము తీర్చిన కష్టము వేరొకటి. ఆసు యంత్రములోని చిప్పు లోకములోని చిప్పులలో అతి చవుకైన వాటిలో ఒకటి అయివుండవలెను!

చాల ఖరీదైనది ఎటువంటిదో కూడ చూతము. 2020 ఫిబ్రవరిలో ఎ.ఎం.డి. వారు థ్రెడ్‌రిప్పర్ 3990ఎక్స్ అనే 64 కోర్ల ప్రాసెసరును 3990 డాలర్లకు విడుదల చేసినారు. అది ఏకకాలములో 128 పనుల వరుసలను నడపగలదు. అయితే విండోస్ వ్యవస్థ అటువంటి వరుసలను 64 చొప్పున గుంపులుగా విడదీయును. అనేక కార్యక్రమాలు ఒక్క గుంపునే ఎరిగివుండుటచేత సగము బలము ఊరకే కూర్చున్నది. బొమ్మలను అల్లే కార్యక్రమాలలో మాత్రము దాని బలము పూర్తిగా తెలిసివచ్చినది. పెళ్ళి వీడియోలను కూర్చే నల్లగొండ స్టూడియోవారికి కోర్లు పెరిగితే కొంతవరకు రాత్రి నిద్ర మిగులును. లెక్కలు రాసుకునే దుకాణదారుకు, పాఠము చదువుకునే పిల్లవానికి అందులో ఎనిమిదవ వంతు కోర్లు కూడ ఎక్కువే.

వేడి సంగతి చెప్పక తప్పదు. ఈ ప్రాసెసరు తయారీదారు ప్రమాణము ప్రకారము 280 వాట్ల వేడిని వెలువరించును. గాలితో చల్లార్చే పంకా ఎంత మంచిదైనను చిప్పును గదిలోని గాలికంటె చల్లగా ఉంచలేదు. పరీక్షకులు కూర్చునే గది 22 డిగ్రీలనుకొందము. మే నెలలో మహబూబ్‌నగర్ మేడగది 40 డిగ్రీలున్నదనుకొందము. అంతే పనికి చిప్పు వేడి రమారమి 18 డిగ్రీలు పైకి పోవును. వేడి హద్దు దాటబోతే ప్రాసెసరు తనంతట తానే తాళము తగ్గించుకొనును. చల్లని గదిలో వచ్చిన మార్కులు ఇక్కడ రావు. కొనబోయేవారు అంగడిలోని ఏసీ గదిలో కాక, సాధ్యమైతే తమ ఇంట, తమ పనినే ఒక గంటసేపు ఎడతెగక నడిపించి, మొదటి అయిదు నిమిషాల వేగమును చివరి అయిదు నిమిషాల వేగముతో పోల్చి చూడవలెను.