బందీగా భాష నేర్చిన చరిత్రకారుడు: కిరాకోస్

చెన్నపట్నంలోని ఆర్మీనియన్ వీధి మన పాఠకుల్లో చాలామందికి తెలిసినదే. ఆర్మీనియన్ భాషలో ప్రపంచంలోనే మొదటి పత్రిక 'అజ్దరార్' 1794లో ఆ నగరంలోనే అచ్చయింది. స్వదేశానికి అంత దూరాన పత్రిక నడిపిన ఆ జాతికి, తన చరిత్రను తన భాషలో రాసుకునే అలవాటు అయిదవ శతాబ్ది నుంచీ ఉన్నది. ఆ పరంపరలో పదమూడవ శతాబ్దికి చెందిన కిరాకోస్ గాంజాకెత్సిని ఇక్కడ పరిచయం చేసుకుందాం.

'గాంజాకెత్సి' అంటే గాంజాక్ ప్రాంతం వాడని అర్థం. మన ఇంటిపేర్లలో ఊళ్లు నిలిచినట్లే ఇదీను. ఆ ఊరే నేటి అజర్‌బైజాన్‌లోని గాంజా. కిరాకోస్ సుమారు 1200లో పుట్టి 1271లో మరణించాడు. మతవిద్య బోధించే అధికారం గల 'వర్దపేత్' పదవి పొందిన సన్యాసి. గురువు హోవ్‌హన్నెస్ వనకాన్. ఆ గురువుకు గురువు, ఆర్మీనియన్ ధర్మశాస్త్రాన్ని కూర్చిన మ్ఖితార్ గోష్.

1236లో మంగోలు సేనలు ఆ ప్రాంతం మీద పడ్డాయి. కొండ చరియలోని గుహలో తలదాచుకున్న గురుశిష్యులు, నీళ్లు కరవై, లొంగిపోక తప్పలేదు. గురువును క్రైస్తవులు 80 బంగారు నాణేలిచ్చి విడిపించుకున్నారు. శిష్యుణ్ణి మాత్రం మంగోలు నాయకుడు వదలలేదు. ఉత్తరాలు చదివి రాసిపెట్టే లేఖకుడు అతనికి కావాలి. అయితే గురువు విడుదలైన రాత్రే కిరాకోస్ తప్పించుకుని మఠం చేరాడు.

అయిదేళ్లకు, 1241లో, అతడు చరిత్ర రచన ప్రారంభించాడు. నాలుగవ శతాబ్ది ఆరంభంలో ఆర్మీనియా క్రైస్తవాన్ని స్వీకరించిన నాటి నుంచి మొదలుపెట్టి తన కాలం వరకు తెచ్చాడు. పూర్వభాగానికి పాత గ్రంథాలే ఆధారం. మంగోలుల కాలం గురించిన భాగం మాత్రం కళ్లారా చూసినది, చూసినవారి నోట విన్నది.

మంగోలుల రాకను అతడు తమవారి పాపాలకు దైవం వేసిన శిక్షగానే భావించాడు. ఆ కాలపు మతాచార్యుడు అలా అనడంలో వింత లేదు. వింత ఏమంటే, ఆ శిక్షకుల ముఖకవళికలు, ఆహారం, వివాహపద్ధతులు ఓపికగా వర్ణించి, చివర వారి మాటలను కూడా అర్థాలతో సహా జాబితాగా రాసిపెట్టడం. తల్లి, తండ్రి, ఆకాశం, నీరు వంటి నిత్యవ్యవహార పదాలు సుమారు యాభై అందులో ఉన్నాయి. దేవుణ్ణి వారు 'తంగ్రి' అంటారని రాశాడు. అది వినగానే మనకు 'తండ్రి' స్ఫురిస్తుంది. అది చెవికి తోచే పోలికే గాని భాషాసంబంధం కాదని విద్యార్థులు గమనించాలి. మంగోలు వ్యవహారభాషను పరాయివారు నమోదు చేసిన తొలి పట్టికల్లో ఇది ఒకటి. అందుకే భాషాశాస్త్రజ్ఞులు నేటికీ దానిని వదలరు.

గురువు వనకాన్ కూడా మంగోలుల దండయాత్రలపై ఒక చరిత్ర రాశాడు. అది మనకు దక్కలేదు. శిష్యుని గ్రంథం చేతిరాత ప్రతుల ద్వారా బతికి, 1961లో యెరెవాన్‌లో పరిష్కృత ముద్రణ పొందింది. తన ఊళ్లు కూల్చినవారి మాటనైనా విన్నది విన్నట్లు రాసిపెట్టిన కలం అతనిది. ఇరుగుపొరుగు భాషల నడుమ చదువుకుంటున్న మనకు, అతని గ్రంథంలో తొలుత చూడదగినది ఆ చిన్న పదపట్టికే.