స్వతంత్ర హైదరాబాద్ (1947–48)

బ్రిటిష్ పాలన ముగిసిన 1947 ఆగస్టు 15 నుంచి పదమూడు నెలల పాటు హైదరాబాద్ సంస్థానం ఇటు భారతదేశంలోనూ అటు పాకిస్థాన్‌లోనూ చేరకుండా విడి రాజ్యంగా నిలిచింది. పాలకుడు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఏ రాజ్యాంగ సభలోనూ చేరబోనని అంతకు ముందు జూన్‌లోనే ఫర్మానా ఇచ్చాడు.

విస్తీర్ణం 82,000 చదరపు మైళ్లు, జనాభా కోటీ అరవై లక్షలు. సైన్యం, రైళ్లు, తపాలా, నాణెం అన్నీ సొంతం. గుడివాడ, బెజవాడ వైపు నుంచి నిజాం ఇలాకాకు సరుకు తోలే వర్తకుడు కరోడ్‌గిరి నాకాలో (సుంకాల తనిఖీ కేంద్రంలో) సుంకం కట్టి, చేతిలోని కల్దారు (బ్రిటిష్ ఇండియా) రూపాయలను నిజాం నాణెమైన హాలీలోకి మార్చుకోవాల్సి వచ్చేది. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు.

లేనిదల్లా సముద్రం. బందరు రేవు ఉన్న ఉత్తర సర్కారులు 1766 ఒప్పందంతోనే ఈస్టిండియా కంపెనీకి పోయాయి. బంగాళాఖాతం అలలు నిజాం పాదాలు కడిగే రోజు వస్తుందని నిజాం పక్షపు సాయుధ స్వచ్ఛంద దళమైన రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ సభల్లో అనేవాడు. కోస్తా జనానికి అది ఉత్త గొప్పలుగా వినిపించలేదు.

సరిహద్దు కూడా కలగాపులగం. 1766లో వజ్రాల గనుల ఊళ్లను నిజాం తన కిందే ఉంచుకున్నాడు. అందుకే చుట్టూ కృష్ణా జిల్లా ఉన్నా పరిటాల నిజాందే. నల్లగొండ నడుమ ఉన్న మునగాల పరగణా మాత్రం కృష్ణా జిల్లాది. నిజాం స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే, పరిటాల జాగీరు జనం ఆ నిజాంనే కాదని తమది రిపబ్లిక్ అన్నారు. నిజాం రాజ్యపు అసలు లోటు ఇక్కడే కనిపిస్తుంది: స్వతంత్రంగా ఉంటామన్నది పాలకుడి మాటే గానీ, జనాన్ని అడిగి చేసిన నిర్ణయం కాదు.

1947 నవంబరు 29న భారత్‌తో యథాతథ ఒప్పందం కుదిరినా నిలబడలేదు. తెలంగాణ పల్లెల్లో రైతుల సాయుధ పోరాటం, దానిపై రజాకార్ల దాడులు సాగాయి. ప్రాణభయంతో ఎందరో కృష్ణా జిల్లాకు తరలివచ్చారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఊచకోత జరిగింది. నిజాం ప్రధాని లాయక్ అలీ ప్రభుత్వం భారత్‌పై ఫిర్యాదుతో ఐక్యరాజ్యసమితి తలుపు తట్టింది. భద్రతా మండలి ఆ ఫిర్యాదును విన్న సెప్టెంబరు 16 నాటికే భారత్‌తో యుద్ధం మొదలై చివరికొచ్చింది.

అంతకు మూడు రోజుల ముందు, సెప్టెంబరు 13న, భారత సైన్యం హైదరాబాద్ మీదికి కదిలింది. ప్రధాన దళం షోలాపూర్ నుంచి, మేజర్ జనరల్ రుద్ర దళం బెజవాడ నుంచి. మునగాల, సూర్యాపేట దారిన వచ్చిన ఈ దళాన్ని ఆపడానికి నిజాం సేన వెనక్కి పోతూ దారిలోని వంతెనను పేల్చింది. 17న నిజాం లొంగిపోయాడు.

ఆ తర్వాత మరఠ్వాడాలోనూ చుట్టుపక్కల జిల్లాల్లోనూ ముస్లింలపై ప్రతీకార హత్యలు సాగాయి. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ మృతుల సంఖ్యను 27,000 నుంచి 40,000 వరకు అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు ప్రచురించలేదు.