అకిలీస్ నుంచి ‘ఢిల్లీ’ వరకు: ఒక లైట్ క్రూయిజర్ సేవాచరిత్ర - వీడియో గేమ్‌లో దాని ప్రతిరూపం

వ్యాససంగ్రహం: బ్రిటన్‌లో నిర్మితమై, న్యూజిలాండ్ పక్షాన పోరాడి, భారత నౌకాదళంలో ‘ఢిల్లీ’గా సేవలందించిన లైట్ క్రూయిజర్ అకిలీస్. ఈ నౌక చరిత్రను ‘వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్’, ‘అజూర్ లేన్’ అనే వీడియో గేమ్‌లలోని రూపాలతో పోల్చి, చరిత్రలో ఏ భాగం ఆటలోకి చేరిందో, ఏది చేరలేదో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: అకిలీస్, ఐ.ఎన్.ఎస్. ఢిల్లీ, లియాండర్ తరగతి, ప్లేట్ నది యుద్ధం, వీడియో గేమ్.

1. ఉపోద్ఘాతం

‘లైట్ క్రూయిజర్’ అనే పేరులోని తేలికదనం ఓడ బరువును కాక, ఫిరంగుల పరిమాణాన్ని సూచిస్తుంది. 1930 నాటి లండన్ నౌకా ఒప్పందం ఫిరంగి గొట్టం వ్యాసం 6.1 అంగుళాలకు మించని క్రూయిజర్లను ఒక వర్గంగానూ, అంతకు మించినవాటిని మరొక వర్గంగానూ విభజించింది. లియాండర్ తరగతికి చెందిన అకిలీస్ 1932లో బర్కెన్‌హెడ్‌లోని కామెల్ లెయర్డ్ నౌకానిర్మాణ కేంద్రంలో జలప్రవేశం చేసింది. నాలుగు టరెట్లలో రెండేసి చొప్పున ఎనిమిది ఆరంగుళాల ఫిరంగులు దీని ప్రధానాయుధాలు.

2. ప్లేట్ నది యుద్ధం

1939 డిసెంబర్ 13 ఉదయం దక్షిణ అట్లాంటిక్‌లో కమొడోర్ హెన్రీ హార్‌వుడ్ నాయకత్వంలోని ఎక్సెటర్, అజాక్స్, అకిలీస్ నౌకలు జర్మనీ యుద్ధనౌక అడ్మిరల్ గ్రాఫ్ స్పీని ఎదుర్కొన్నాయి. శత్రునౌకవి పదకొండు అంగుళాల ఫిరంగులు. అకిలీస్‌లోని 567 మందిలో 321 మంది న్యూజిలాండ్ వారు. దగ్గరలో పేలిన గుండు శకలాల వల్ల ఆ నౌకలో నలుగురు మరణించారు. కెప్టెన్ ఎడ్వర్డ్ ప్యారీ గాయపడ్డాడు. మూడు నౌకల్లో కలిపి 72 మంది చనిపోయారు.

ప్రధాన పోరు సుమారు గంటన్నరలోపే ముగిసింది. కానీ ఫలితాన్ని నిర్ణయించింది ఆ తర్వాతి పని. అజాక్స్, అకిలీస్ పగలంతా శత్రువును విడవకుండా వెంబడించాయి. గ్రాఫ్ స్పీ మాంటెవీడియో రేవులోకి వెళ్లక తప్పలేదు. డిసెంబర్ 17న దానిని సొంత సిబ్బందే పేల్చి ముంచివేశారు.

3. పసిఫిక్: కోల్పోయిన టరెట్

1941 అక్టోబర్‌లో రాయల్ న్యూజిలాండ్ నేవీ ఏర్పడటంతో అకిలీస్ ఆ దళపు నౌకగా మారింది. 1943 జనవరి 5న గ్వాడల్‌కెనాల్ సమీపంలో జపాన్ బాంబు ఒకటి వెనుకవైపు టరెట్లలో ఒకదానిపై పడి 13 మంది మరణించారు. మరమ్మతు కోసం నౌక బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. అక్కడ 1943 జూన్‌లో జరిగిన పేలుడు 14 మంది కార్మికుల ప్రాణాలు తీసింది. 1944లో నౌక తిరిగి సేవలోకి వచ్చేనాటికి దెబ్బతిన్న టరెట్ తొలగించబడింది. నాటినుంచి దాని ఫిరంగులు ఆరే.

4. భారత నౌకాదళంలో

ఆరు ఫిరంగుల ఈ నౌకే 1948 జులైలో భారత నౌకాదళంలో చేరి ‘ఢిల్లీ’ అయింది. అకిలీస్‌పై గాయపడిన ప్యారీయే 1948 నుంచి 1951 వరకు భారత నౌకాదళాధిపతిగా ఉండటం గమనార్హం. 1950లో జవహర్‌లాల్ నెహ్రూ ఈ నౌకలోనే ఇండోనేషియా వెళ్లాడు. ప్లేట్ నది యుద్ధంపై 1956లో విడుదలైన బ్రిటిష్ చలనచిత్రంలో ఢిల్లీ తన పూర్వరూపమైన అకిలీస్‌గా నటించింది. 1961 డిసెంబర్‌లో పోర్చుగీసు పాలనను తొలగించిన సైనిక చర్యలో డయ్యూ వద్ద పాల్గొంది. 1978లో సేవ నుంచి విరమించింది.

5. ఆటలో ప్రతిరూపం

‘వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్’లో ఈ తరగతికి ఒక ప్రతినిధి లియాండర్. ఎనిమిది ఫిరంగులు, టార్పెడోలు, పొగతెర - బాహ్యరూపం చరిత్రకు దగ్గరగానే ఉంది. భేదం కాలంలో ఉంది. ఆటలో పోరుకు గరిష్ఠ పరిమితి 20 నిమిషాలు. దెబ్బతిన్న టరెట్ సాధారణంగా క్షణాల్లో తిరిగి పనిచేస్తుంది. అకిలీస్ విషయంలో అదే దెబ్బకు ఏడాదికి పైగా పట్టింది. పోయిన టరెట్ మళ్లీ రాలేదు. గంటల తరబడి సాగిన వెంబడింపుకూ 20 నిమిషాల పోరులో చోటు లేదు.

‘అజూర్ లేన్’ మార్గం వేరు. అందులో అకిలీస్ ఒక యువతి పాత్ర. ఓడను స్త్రీగా సంబోధించే నావికుల సంప్రదాయం ఇక్కడ అక్షరాలా రూపం ధరించింది. ఆ పాత్ర బ్రిటిష్ పక్షానికి చెందినది. మూడు దేశాల నావికులు నడిపిన ఓడకు ఒకే జెండా మిగిలింది.

6. ముగింపు

ఆటను చరిత్ర వక్రీకరణగా కొట్టిపారేయడం సబబు కాదు. మరుగునపడిన నౌకల పేర్లను కొత్త తరానికి వినిపించినవి ఈ ఆటలే. అయితే ఆట నిలిపేది నౌక శక్తిని. చరిత్ర చెప్పేది నౌక అనుభవించిన నష్టాన్ని, అది మారిన తీరును. ఢిల్లీ నుంచి తీసిన ఒక టరెట్ నేడు ఆక్లండ్‌లోని డెవన్‌పోర్ట్ నౌకాస్థావరంలో ఉంది. అది భారత నౌకాదళం వాడిన ఆయుధం, న్యూజిలాండ్ వారి యుద్ధస్మృతి కూడా. ఆ రెండింటినీ కలిపి చదివినప్పుడే తెర మీది నౌకకు దాని పూర్తి చరిత్ర దక్కుతుంది.