తరిమెనయు గీకుడు ఉలియు: లక్కపిడత చెప్పు చరిత్ర

తెలుగు సీమను విడిచి మూడు నాలుగు తరములు గడచిన కుటుంబములలో మాట కొంత మారినది. వంట కొంత మారినది. బిడ్డల చదువు ఏ రాష్ట్రమున నున్న ఆ రాష్ట్రపు భాషలోనికి మారినది. అయినను లక్కపిడతలు అను మాట విన్నంతనే మన ముదుసలుల మొగములు వికసించుట మేము పలుమారులు చూచియున్నాము. చిన్న పొయ్యి, చిన్న బిందె, తిరుగలి, రోలు, మూతగల భరిణె, అరచేతిలో ఇమిడెడి గిన్నెలు: ఇవియే మన ఆడబిడ్డలకు మొదటి సంసారము. ఈ వస్తువుల రంగును గూర్చియు, లక్క మెరుగును గూర్చియు వ్రాసినవారు కలరు. కొయ్యను గిన్నెగా మార్చిన పనిముట్టును గూర్చి మాత్రము వ్రాసినవారు తక్కువ. ఆ కొఱతను ఈ చిన్న వ్యాసమున కొంత తీర్చ దలచితిమి.

కొయ్యను గిరగిర త్రిప్పుచు దానిపై ఉలి నానించి గుండ్రని వస్తువులు చేయు సాధనమునకు తెలుగున తరిమెన యని పేరు. నేడు లేతు అన్ననే అందరకును తెలియును. ఈ సాధనము మిక్కిలి ప్రాచీనమైనది. ఈజిప్టు దేశమున పెటోసిరిస్ అను పూజారి సమాధి గోడపై, క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్ది చివరి కాలపు చిత్రమున, ఒకడు త్రాటిని లాగుచుండగా మరియొకడు ఉలి పట్టియుండుట కనబడుచున్నది. మన దేశపు తరిమెనయు చాల కాలము అట్టిదే. కొయ్యకు త్రాడు చుట్టి ఒకరు ముందునకు వెనుకకు లాగెదరు. లేదా పనివాడే ఒక చేత కమాను ఆడించుచు, రెండవ చేతను కాలివ్రేళ్లతోను ఉలిని నిలుపుకొనును. కొయ్య ఒకసారి పనివాని వైపునకును, మరుసారి అవతలి వైపునకును తిరుగును. తనవైపు తిరుగునపుడు మాత్రమే ఉలి కోయును. మరలునపుడు దానిని రవంత వెనుకకు తీయవలెను. అనగా పనివాని కాలములో సగము తెగనిదే. ఆ విరామములోనే అతని చేతికి లయ యబ్బినది.

మన లక్కపిడతలకు ప్రసిద్ధి కెక్కిన గ్రామము ఏటికొప్పాక. అది వరాహానదీ తీరమున నున్నది. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022 ఏప్రిలులో జిల్లాలు విభజింపబడిన పిమ్మట అనకాపల్లి జిల్లాలో చేరినది. అచట వాడు కొయ్య అంకుడు. ఈ చెట్టునే పాలకొడిశ యనియు నందురు. కొమ్మ విరిచిన తెల్లని పాలు కారును. కొయ్యయు దంతము వలె తెల్లనై, సన్నని పోగు గలిగి, మెత్తగా నుండును. కర్ణాటకమున నున్న మనకు తెలిసిన చెన్నపట్టణము, బెంగళూరు నుండి మైసూరు పోవు దారిలో సుమారు 60 కిలోమీటర్ల దూరముననున్న బొమ్మల ఊరు, వాడుకొనునదియు ఈ చెట్టునే. కన్నడిగులు దీనిని హాలె యందురు. హాలు అనగా పాలు. రెండు భాషలవారును ఒక్క చెట్టును దాని పాలను బట్టియే పిలుచుట చూచి మేము సంతసించితిమి. కన్నడ దేశమున బొమ్మ కొనిన తెలుగు తల్లి, తనకు తెలియకయే, తన పుట్టినింటి చెట్టునే కొనుచున్నది.

చెన్నపట్టణపు విద్యను టిప్పు సుల్తాను, 1782 మొదలు 1799 వరకు సాగిన తన పాలనలో, పారశీక శిల్పులను రప్పించి నాటించెనని ప్రతీతి. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో బావస్ మియాన్ అను నతడు జపాను బొమ్మల పద్ధతులను పరిశీలించి యీ పనిని మార్చెనని చెప్పుదురు. పిమ్మట విద్యుచ్ఛక్తితో నడచు లేతు వచ్చినది. కొయ్య ఒకే దిక్కునకు ఎడతెగక తిరుగసాగినది. ఉలి చరిత్రలో ఇదియే పెద్ద మలుపు.

ఎందువలన ననగా, గిన్నె లోపలి భాగమును తొలుచుటకు రెండు తెరగుల ఉలులు కలవు. ఒకటి గాడి గల ఉలి. దీని వాదర వెనుకనున్న ఏటవాలు భాగము కొయ్యపై నానుచు, చిత్రిక వలె పొరలు పొరలుగా కోయును. రెండవది గీకుడు ఉలి; ఆంగ్లమున స్క్రేపరు. ఇది దళసరి ఉక్కుపట్టె. దీని ఏటవాలు కొయ్యను తాకదు. సానపై పట్టినపుడు అంచున మిగులు సన్నని ఉక్కు కొక్కెమే, కంటికి కనబడనంత చిన్నదైనను, కొయ్యను కోయును. దీనికి వేగము కావలెను. ఎడతెగని భ్రమణము కావలెను. కాలితో త్రొక్కి త్రిప్పు తరిమెనల కాలమున ఇంగ్లండు గిన్నెపనివారు కొన వంగిన కొక్కెపు ఉలులతో తొలిచెడివారు. ఆ సంప్రదాయమున కడపటివాడుగా పేరొందిన జార్జి లెయిలీ 1958లో మరణించెను. అతని తరిమెన రెడింగు నగరపు గ్రామజీవన ప్రదర్శనశాలలో భద్రముగా నున్నది. మోటారు వచ్చిన పిమ్మట గీకుడు ఉలి లోకమంతట గిన్నె లోపలికి ప్రవేశించినది.

ఉక్కును గూర్చియు ఒక మాట. పూర్వపు ఉలులు కార్బన్ ఉక్కువి. సానచక్రముపై నీలివన్నె వచ్చునంత వేడెక్కినచో వాని పదును నిలువదు. అందుచే మాటిమాటికి నీట ముంచవలెను. అమెరికాలో బెత్లెహేము ఉక్కు కర్మాగారమున టేలరు, వైటు అను నిరువురు 1898 – 1900 ప్రాంతమున కనుగొనిన హైస్పీడు ఉక్కు ఎఱ్ఱబారు వేడికిని తన గట్టిదనమును కోల్పోదు. నేడు మంచి గీకుడు ఉలులు ఈ ఉక్కుతోనే చేయబడుచున్నవి.

ఈ విషయములు మాకు గ్రంథములవలన మాత్రమే తెలియలేదు. మా యింట మా పితామహి కాలపు లక్కపిడతలు ఒక జత కలవు. అందులో ఒక గిన్నె ఎన్నడో పోయినది. మా మనుమరాలు ఆ ఖాళీని చూపి, "తాతగారూ, ఇందులో ఏముండేది?" అని యడిగినది. ఉద్యోగవిరమణానంతరము తీరిక కలిగియుండుటచే, ఆ గిన్నెను మేమే చేయుదమని పూనుకొని, ఒక చిన్న లేతును సంపాదించితిమి. గీకుడు ఉలికి వెల పెట్టుట యెందుకని పాత ఆకురాయి నొకదానిని సానబట్టి పిడి తొడిగితిమి. మూడవనాడు అది ఆనుకమ్మి దగ్గర ఫెళ్లున విరిగి, దాని ముక్క మా చెవి ప్రక్కగా పోయి గోడను తాకినది. దైవకృపచే కన్ను దక్కినది. ఆకురాయి ఉక్కు మిక్కిలి గట్టిది. కావుననే మిక్కిలి పెళుసు. దానిని మరల కాచి పదును తగ్గింపక ఉలిగా వాడుట ప్రాణముతో చెలగాటము. పొదుపరి గుమాస్తా బుద్ధికి అది తగిన పాఠము.

ఆ పిమ్మట చెన్నపట్టణమున ఒక వృద్ధుడైన పనివానిని ఆశ్రయించితిమి. అతడు తెలిపినదియు, మేము చేసి తెలిసికొనినదియు కలిపి ఇచట వ్రాయుచున్నాము.

ఉలిని ఎంచుకొనునపుడు మొదట చూడవలసినది దళసరి. ఆనుకమ్మిని దాటి గిన్నెలోనికి ఎంత దూరము చొచ్చిన అంతగా ఉలి వణకును. వణకిన కొయ్యపై అలలు పడును. చిన్న గిన్నెకు 6 మిల్లీమీటర్ల దళసరి చాలును. పెద్దదానికి 10 మిల్లీమీటర్లు మేలు. రెండవది కొన ఆకారము. లోపలి భాగమునకు గుండ్రని కొన కావలెను. ఆ వంపు గిన్నె వంపుకంటె కొంచెము చిన్నదిగా నుండవలెను. రెండును సరిగా ఒక్కటే యైనచో వాదర యంతయు ఒక్కసారి కొయ్యను పట్టుకొని, ఉలిని చేతినుండి లాగికొనును. వెలుపలి భాగమునకు చదునైన కొన చాలును. మూడవది పిడి. అది పొడవుగా నుండిన కొయ్య లాగుడును చేయి తట్టుకొనగలదు.

వాడుకలో ముఖ్యమైన నియమము ఒక్కటే: పిడి పైకి, కొన క్రిందికి. కొన పైకి లేచినచో వాదర కొయ్యలోనికి దిగబడును. గిన్నె లోపల వాదర నడిమట్టమునకు రవంత పైన నుండవలెను. అపుడు ఉలి క్రిందికి ఒరిగినను ఖాళీలోనికే పోవును. వెలుపల నడిమట్టమున, లేదా రవంత క్రిందుగా నుండవలెను. ఆనుకమ్మిని కొయ్యకు దగ్గరగా జరుపవలెను. జరుపునపుడు యంత్రమును నిలిపివేయవలెను. బలము పెట్టరాదు. రాలునది పలుచని చుట్టలుగా నున్నంతవరకు పని సరిగా నడచుచున్నది. దుమ్ము రాలినచో అంచు మొద్దుబారినదని యర్థము. నొక్కుట మాని సానకు పోవలెను. గోడలు దళసరిగా నున్నపుడే అంచు భాగమును ముగించి, పిదప అడుగునకు దిగవలెను. పలుచనైన గోడపైకి మరల వచ్చినచో అది గంట వలె మ్రోగి వణకును.

ఇంత నేర్చి, మేము ఒక పలక ముక్కనుండి గిన్నె చేసి, గర్వముతో ఆ వృద్ధుని వద్దకు కొనిపోతిమి. అతడు కంటితో చూడలేదు. బొటనవ్రేలిని లోపల ఒక చుట్టు త్రిప్పి, రెండు చోట్ల ఆగి, "అయ్యా, ఇది పలక, కొమ్మ కాదు" అనెను. ఎదురెదురుగా ఆ రెండు చోట్లను పోగులు లేచి గరుకుగా నుండెను. పలకను అడ్డముగా బిగించి త్రిప్పినపుడు ప్రతి చుట్టునందును రెండుమారులు పోగుల కొనలు వాదరకు ఎదురగును. అచట గీకుడు ఉలి కోయుటకు మారుగా చింపును. కొమ్మను నిలువున బిగించినచో చుట్టంతయు ఒకే తీరుగా నుండును. లోపలిభాగమును నడుమనుండి అంచువైపునకు పోనిచ్చిన నున్నగా వచ్చును. చిరిగిన పోగును లక్క దాచలేదు. తిరుగుచున్న కొయ్యపై లక్కకడ్డీని ఒత్తినపుడు రాపిడి వేడికి లక్క కరగి అంటుకొనును. పిమ్మట మొగలి ఆకుతోనో తాటి ఆకుతోనో రుద్ది మెరుగు దెత్తురు. అడుగున గరుకున్నచో మెరుగే దానిని చాటి చెప్పును.

ఇంటికి వచ్చి మా పితామహి గిన్నె నొకదానిని త్రిప్పి చూచితిమి. అడుగున లక్క రాలిన చోట కొయ్య కనబడుచుండెను. అందు నడుమ ఒక చుక్క; దాని చుట్టును వలయములు. అది కొమ్మను నిలువున బిగించి చేసినది. అరువది యేండ్లకు పైగా ఆ గిన్నె మా కన్నుల ఎదుటనే యున్నను ఆ గుర్తును మేము చదువలేదు. పేరు తెలియని ఆ పనివాడు తన విద్యను అడుగుననే వ్రాసి యుంచెను.

ఈ విద్య నేటికిని జీవించియున్నది. ఏటికొప్పాకలో సి.వి. రాజుగారు పసుపు, జాఫ్రా, నీలి, కరక్కాయ మొదలగువాని సహజవర్ణములను పునరుద్ధరించుటచే ఆ బొమ్మలు బిడ్డలు నోటబెట్టుకొనినను భయము లేనివైనవి. చెన్నపట్టణపు బొమ్మలకు 2005 – 06లోను, ఏటికొప్పాక బొమ్మలకు 2017లోను భౌగోళిక గుర్తింపు లభించినది. 2025 గణతంత్రదినమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటము ఏటికొప్పాక బొమ్మలతోనే నడచినది. ఇవి యన్నియు సంతోషకరములే. కాని శకటముపై బొమ్మ యెక్కును, ఉలి యెక్కదు. చేయు చేతికి తగిన కూలియు, నాటుటకు అంకుడు మొక్కలును లేనిచో గుర్తింపు పత్రము గోడకే పరిమిత మగును.

మేము తుదకు కొమ్మతో చేసిన గిన్నె ఇపుడు ఆ జతలో నున్నది. మనుమరాలు దానిని తక్కినవానితో కలిపి అన్నము వండుచున్నది. భేదము ఆమెకు తెలియదు. మాకు తెలియును: లోపల ఒక అల ఇంకను మిగిలియున్నది.

పరరాష్ట్రములలో స్థిరపడిన మన కుటుంబములకు ఒక మనవి. మీ యింట పాత లక్కపిడతలున్నచో ఒకసారి అడుగు త్రిప్పి చూడుడు. చుక్కయు వలయములును కనబడినచో వానిని బిడ్డలకు చూపుడు. తరిమెన, వాదర, సాన, ఆకురాయి, అంకుడు: ఈ అయిదు మాటలను ఆ గిన్నె ఎదుట వారిచేత పలికింపుడు. వస్తువు చేతిలో నున్నపుడు నేర్చిన మాట మరువబడదు.