ఆసియా కార్మిక పక్షాల దౌత్యం: జెనీవా, ఖరగ్‌పూర్

అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌వో)లో ఆసియా దేశాల కార్మిక ప్రతినిధులు ఒక్క గొంతుతో మాట్లాడాలన్న ప్రయత్నం 1920లలో మొదలైంది. జపాన్, భారత్, చైనా ప్రభుత్వాల మధ్య ఉన్న వైరాలు, కార్మిక సంఘాల్లోని సిద్ధాంత భేదాలు దాన్ని పదేపదే దెబ్బతీశాయి. ఈ చరిత్రలో బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌కూ చోటుంది. అక్కడి బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో తెలుగు కార్మికులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. వారి సంఘానికి నాయకత్వం వహించిన వి.వి.గిరి 1927లో జెనీవాలో జరిగిన ఆ సంస్థ సభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు.

వెర్సాయి ఒప్పందంతో 1919లో పుట్టిన ఈ సంస్థలో ప్రతి దేశానికీ ప్రభుత్వ ప్రతినిధులు ఇద్దరు, యజమానుల తరఫున ఒకరు, కార్మికుల తరఫున ఒకరు ఉంటారు. స్వాతంత్ర్యం లేకున్నా భారత్ వ్యవస్థాపక సభ్యదేశమైంది. అదే ఏడాది వాషింగ్టన్‌లో జరిగిన తొలి సభ పరిశ్రమల్లో వారానికి 48 గంటల పనిని సూత్రంగా అంగీకరించింది. ఆసియాకు వచ్చేసరికి లెక్క మారింది. జపాన్‌కు సాధారణంగా 57 గంటలు, భారత్‌లో ఫ్యాక్టరీ చట్టాల పరిధిలోని పరిశ్రమలకు, గనులకు, ఎంపిక చేసిన రైల్వే శాఖలకు 60 గంటలు అని నిర్ణయించారు. చైనా, పర్షియా, సయాంలను పూర్తిగా మినహాయించారు. ఆసియా ప్రతినిధులను దగ్గరకు చేర్చిన మొదటి అవమానం ఈ తేడాయే. ఖరగ్‌పూర్ కార్మికుడికి ఇది దూరపు మాట కాదు. ఆ 60 గంటల సూత్రాన్ని రైల్వేలలో నిరంతర పని చేసేవారికి చట్టంగా వర్తింపజేయడానికి 1930 రైల్వే సవరణ చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ప్రభుత్వాల స్థాయిలో భారత్ ఒక విజయం సాధించింది. పాలకమండలిలో ఎనిమిది ప్రధాన పారిశ్రామిక దేశాలకు శాశ్వత స్థానాలుండేవి. తనను విస్మరించారని వాదించి 1922లో భారత్ వాటిలో ఒకటి దక్కించుకుంది. జపాన్ అప్పటికే ఆ జాబితాలో ఉంది.

కార్మికుల వైపు చొరవ తీసుకున్నవారు భారత కార్మిక నాయకుడు ఎన్.ఎం.జోషి, జపాన్ సంఘ నాయకుడు సుజుకి బుంజి. యూరప్ సంఘాల ఆధిపత్యంలోని జెనీవాలో ఆసియా కార్మికులకు వేరే వేదిక ఉండాలన్నది వారి ఆలోచన. 1927 నాటికి దీనికి పోటీ వచ్చింది. ఆ ఏడాది మేలో హాంకౌలో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ అండతో పాన్ పసిఫిక్ ట్రేడ్ యూనియన్ సెక్రటేరియట్ ఏర్పడింది.

ఖరగ్‌పూర్‌కు కూడా 1927 ఉద్రిక్తమైన ఏడాదే. ఫిబ్రవరిలో సమ్మె, ఆ తర్వాత ఉద్యోగాల కోతపై వర్క్‌షాపులో లాకౌట్ జరిగాయి. ఈ రెండింటి నడుమ, వేసవిలో, గిరి జెనీవా వెళ్లారు. ఆ సభ అనారోగ్య బీమా ఒడంబడికలను ఆమోదించింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ గురించిన చర్చ మాత్రం ఫలితం లేకుండా ఆగిపోయింది. రైల్వే కంపెనీతో పోరాడుతున్న సంఘానికి అన్నిటికంటే అవసరమైనది సరిగ్గా ఆ హక్కే.

1929లో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన నాగపూర్‌లో జరిగిన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఏఐటీయూసీ) మహాసభలో రెండు పక్షాలూ తలపడ్డాయి. జెనీవాతో సంబంధాలు వద్దని, పాన్ పసిఫిక్ సెక్రటేరియట్‌లో చేరాలని మెజారిటీ తీర్మానించింది. జోషి, గిరి, దివాన్ చమన్‌లాల్ వర్గం బయటికి వచ్చి ఇండియన్ ట్రేడ్స్ యూనియన్ ఫెడరేషన్‌ను స్థాపించింది. జెనీవాలో ఆసియాకు ఐక్యత కోరినవారి సొంత సంఘమే ఇలా రెండుగా చీలింది.

ఆసియా కార్మిక కాంగ్రెస్ చివరికి 1934 మేలో కొలంబోలో సమావేశమైంది. భారత్, జపాన్, సిలోన్ ప్రతినిధులు హాజరయ్యారు. మంచూరియా ఆక్రమణ తర్వాత జపాన్ పక్కన కూర్చోవడం చైనాకు కష్టమైంది. రెండో సభ 1937లో టోక్యోలో జరిగింది. కొద్ది వారాలకే చైనాపై జపాన్ యుద్ధం మొదలై, ఆ వేదిక అంతటితో ముగిసింది. 1938లో జపాన్ ఐఎల్‌వో నుంచి వైదొలగుతున్నట్లు ప్రకటించింది.

యుద్ధానంతరం బాధ్యత ప్రభుత్వాల చేతికి వచ్చింది. 1947 అక్టోబరు, నవంబరుల్లో న్యూఢిల్లీలో ఐఎల్‌వో సన్నాహక ఆసియా ప్రాంతీయ సభ, 1950లో సిలోన్‌లోని నువరఎలియలో పూర్తిస్థాయి సభ జరిగాయి. 1951లో జపాన్ తిరిగి సభ్యదేశమైంది. గిరి 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. కార్మిక సంఘాల చీలిక మాత్రం తగ్గలేదు. ఏఐటీయూసీ ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్యలో కొనసాగగా, 1947లో ఏర్పడిన భారత జాతీయ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ (ఐఎన్‌టీయూసీ) దాని ప్రత్యర్థి సమాఖ్యలో చేరింది. ఆ ప్రత్యర్థి సమాఖ్య ఆసియా శాఖ 1951లో కరాచీలో ఏర్పాటైంది.