పంది ఎవరిది? లేపాక్షి పైకప్పు మీద కిరాతుడు

గుడి బొమ్మలల్ల మనోళ్లు ఎక్కడన్నా ఉన్నరా అని ఒక తమ్ముడు అడిగిండు. లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద ఉన్నరు.

హిందూపురం దగ్గర ఉన్న ఈ గుడిని 1530ల ప్రాంతంల, అచ్యుతదేవరాయల కాలంల, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన్రు. మండపం పైకప్పుకు సున్నం పూసి, ఎరుపు, పసుపు, నలుపు రంగులతోటి కథలను పొడుగు పట్టీలుగా గీసిన్రు. ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటయి. లోతు చూపించరు. మన చేర్యాల పటం చూసినోళ్లకు ఇది కొత్తగా అనిపియ్యది.

అండ్ల ఒకటి కిరాతార్జునీయం. అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేస్తుంటే మూకాసురుడు పంది రూపంల వస్తడు. శివుడు, పార్వతి కిరాతుల వేషంల వస్తరు. రెండు బాణాలు ఒక్కసారే పందికి తాకుతయి. ఇగ కొట్లాట.

లోతు లేని బొమ్మల రాజకొడుకు ముందు, అడివోడు వెనుక అనేది కుదరదు. ఇద్దరూ ఒకే వరుసల ఉంటరు. చిత్రకారుడు కావాలని గట్ల గీసిండని నేను అనను, ఆ కాలపు పద్ధతే అది. అయినా నాకు కండ్లకు కనవడేది అదే.

కొట్లాట దేని మీదనో చూడండి. భారతం అరణ్యపర్వంల కిరాతుడు, ముందు గురి పెట్టింది నేనే అంటడు. అర్జునుడు, నువ్వు వేట ధర్మం తప్పినవ్ అంటడు. మా తాత చెప్పే లెక్క కూడా ఇదే: మొదటి దెబ్బ ఎవనిదో జంతువు వానిది. (ఇప్పుడు మా మేడిపల్లి దిక్కు పందులు మక్క చేను పాడు చేసినా ముట్టుకుంటే కేసే.) ఇంకో మాట కూడ అంటడు కిరాతుడు. ఈ అడవి ఎప్పటికీ మాది, నువ్వెందుకు వచ్చినవ్ అని అడుగుతడు.

ఓడినంక అర్జునుడు మట్టితో శివుణ్ణి చేసి పూలదండ వేస్తడు. ఆ దండ కిరాతుని తలమీద కనవడుతది. అప్పుడు కాళ్ల మీద పడుతడు. మరి దండ కనవడకపోతే? గెలిచినోడు ఉట్టి కిరాతుడే అయితే మొక్కుతుండెనా? కథల మనోడికి గౌరవం వచ్చింది వేషం అని తెలిసినంకనే. నాకు గుచ్చుకునేది ఇదే.

శ్రీశైలంల చెంచోళ్లు మాత్రం వేషం సంగతే ఎత్తరు. మల్లన్న వాళ్లకు చెంచు మల్లయ్య, ఇంటి అల్లుడు.